పుట్టినతేదీ లేనివాళ్లు

కంప్యూటర్ తెర మీది గీత నిండుతోందా లేదా అని అదేపనిగా చూస్తే అస్సలు కదిలినట్టే ఉండదు, పొయ్యి మీద పాలు పెట్టి కళ్లప్పగించి నిలబడితే పొంగనట్టు, అటు తిరిగితే చాలు కొంప మునిగినట్టు పొంగిపోతాయి, అందుకని ఆమె కావాలనే తెర మీంచి కళ్లు తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడటానికి ఏమీ లేదు. ఎదురింటి గోడ, గోడ మీద ఏసీ పెట్టె, దాని కిందికి కారుతున్న నీటిచుక్కలు. బ్లడ్ బ్యాంక్ వెనకగది ఇది. పక్కగదిలో ఫ్రిజ్‌లు ఒకదాని తర్వాత ఒకటి మూలుగుతున్నాయి, స్పిరిటు వాసన, ఉతికిన దుప్పట్ల వాసన. ఆ మూల బల్ల మీద బూడిదరంగు కంప్యూటర్, దాంట్లో ఆమె రాసిన ప్రోగ్రామ్, దాంట్లో రక్తం ఇచ్చినవాళ్లందరి వివరాలూ. ఈ గంటలో అవన్నీ ఇక్కణ్ణించి లేచి క్లౌడ్‌లోకి వెళ్లిపోతున్నాయి, అంటే ఎక్కడో ఎవరివో పెద్ద యంత్రాల్లోకి, ఆమె ఎన్నడూ చూడని, చూడబోని గదిలోకి. అయ్యేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవద్దని ఆమే చెప్పింది. టెక్నీషియన్ పిల్ల కాగితం మీద రాసుకుంటూ పనిచేస్తోంది, మధ్యమధ్య ఇటు తొంగిచూస్తోంది, పురిటిగది బయట నిలబడ్డ చుట్టాల్లాగా.

మబ్బుల్లో పెడతారా మా రక్తం లెక్కలు, వానొస్తే మరి, అని ఇక్కడి డాక్టరమ్మ మొదటిసారి విన్నప్పుడు నవ్వింది. నవ్విందే గానీ ఒప్పుకోవడానికి ఎంత తిప్పించుకుంది. ఇంటర్నెట్ పోతే ఏం చేస్తారు, మీ కంపెనీ మూతపడితే మా వివరాలు ఎవరి చేతిలో ఉంటాయి, మా దాతల ఫోన్ నంబర్లు వేరేవాళ్ల కంటపడవని ఎవరు పూచీ. అన్నీ సబబైన ప్రశ్నలే. వాటిని ఆమె తనకు తాను కూడా వేసుకుంది, వేసుకుని జవాబు దొరికినట్టు నటించింది. నటించడం తన పని కాదు, అది తోటికోడలి పని. తోటికోడలు గుమ్మంలోకి అడుగు పెడితే చాలు వద్దన్నవాడు కూడా కుర్చీ లాగి కూర్చోబెడతాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజుల్లో వాళ్ల పెళ్లాలు కలిసి కంపెనీ పెట్టారంటే చుట్టాల్లో ఎవరూ నమ్మలేదు. ముందుగదిలో భోజనాలబల్ల మీద ఒక కంప్యూటర్, అక్క రాస్తుంది చెల్లి అమ్ముతుంది, అంతే కంపెనీ. అత్తగారు ఆ బల్ల పక్కనుంచి వెళ్తూ, ఇంతసేపు కూర్చుని ఏం కుడుతున్నావే అని అడిగేది, కుట్టుమిషనే అనుకునేది కాబోలు, లేక ఎగతాళేనేమో, ఆవిడ మొహం చూసి ఎవరూ చెప్పలేరు.

కుట్టడమే నిజానికి. ఒక్కొక్కరి కొలతకి ఒక్కో చొక్కా. ఒక బ్లడ్ బ్యాంక్‌వాళ్లకి గడువు దగ్గరపడ్డ రక్తం సంచి తెర మీద ఎర్రగా మెరవాలి, ఇంకొకళ్లకి ఎరుపంటే భయం, పసుపు చేయమన్నారు. ఒకాయనకి తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత ఉండాలి. అడిగినవాళ్లకి అడిగినట్టు చేసిచ్చింది, కాదనడం ఏనాడూ చేతకాలేదు. ఎన్ని చోట్ల పెట్టారో అన్ని రకాలుగా తయారైంది ఆ ప్రోగ్రామ్. చిన్న మార్పు వస్తే ఆ మార్పుని పట్టుకుని ఊరూరా తిరగాలి, దానికొక మనిషిని పెట్టుకున్నారు, కాళ్లకు చక్రాలున్నాయన్నట్టు తిరుగుతాడని ఆఫీసులో అతని పేరే చక్రం అయిపోయింది. సంచీలో స్క్రూడ్రైవరు, రెండు జతల బట్టలు. అతను చివరి ఊరు చేరేసరికి మొదటి ఊరివాళ్లు ఇంకో మార్పు అడిగేవాళ్లు. పోయిన వారం వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. మేడం, అంతా పైకి వెళ్లిపోతే ఇక నేనెక్కడికి వెళ్లాలి అన్నాడు. చూద్దాంలే అంది. ఆ చూద్దాంలే అన్నమాట అప్పట్నుంచీ గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఇక తన సంగతి. ఈ వయసులో మళ్లీ పలక పట్టుకున్నట్టయింది. టీమ్ లీడర్‌ని అందరూ పిచ్చుక అంటారు, మనిషి ఇంత, మాట టకటకా. తను ఏళ్ల తరబడి రాసినదాన్ని ఆ పిల్ల పదిహేను రోజులు చదివి, మేడం, ఇది ఇల్లు కాదు, ఒక గదికి ఇంకో గది అతికించుకుంటూ పోయిన వరస అంది. అని నాలిక కరుచుకుంది. ఆమెకు కోపం రాలేదు, కాదు వచ్చింది, సాయంత్రం వచ్చింది, గిన్నెలు సర్దుతుంటే. అతికించినవి గదులు కాదే తల్లీ, ఒక్కో గదిలో ఒక్కో మనిషి అడిగిన మాట ఉంది, అని చెప్పాలనిపించింది. కానీ పిచ్చుక అన్నదీ నిజమే. అందరికీ ఒకటే ప్రోగ్రామ్ ఉండాలి, ఒకేచోట ఉండాలి, మారిస్తే అందరికీ ఒకేసారి మారాలి. అలా అయితేనే బతుకుతాం అక్కా, పెద్ద కంపెనీలవాళ్లు వచ్చేశారు, మనం ఇంకా పెట్టెలు మోసుకు తిరుగుతున్నాం అని తోటికోడలు పట్టుబట్టింది. ఇద్దరూ ఆ రోజు పోట్లాడుకున్నారు, జన్మలో మొదటిసారి, గొంతులు పెరిగితే ఆఫీసులో పిల్లలంతా హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నారు. చివరికి ఒప్పుకుంది. మొట్టమొదటిది ఈ బ్లడ్ బ్యాంకే. ఇది గట్టెక్కితే మిగతావాళ్లు వస్తారు. ఇది బోల్తాపడితే ఒక్కళ్లూ రారు, అంతమంది పిల్లల ఉద్యోగాలూ.

టింగుమంది. తల తిప్పేసరికి గీత నిండిపోయింది, పూర్తయింది అని ఆకుపచ్చ టిక్కు. ఇంతేనా. ఇన్నేళ్లదీ ఇంతేనా. నవ్వొచ్చింది, టెక్నీషియన్ పిల్ల పరిగెత్తుకొచ్చి అయిపోయిందా మేడం అంటే అయిపోయిందమ్మా అంది, అంటూనే కళ్లు తడవడం చూసి తనకే సిగ్గేసి కళ్లజోడు తుడుచుకుంది.

అప్పుడే ముందుగదిలో ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి. ఒక బాలింత, సాయంత్రం ఆపరేషన్, ఓ నెగటివ్ కావాలి. ఫ్రిజ్‌లో ఉన్నది సరిపోదు, పరీక్షలకి సమయం పడుతుంది కాబట్టి దాతల్ని ఇప్పుడే పిలవాలి. పిల్ల కొత్త తెర ముందు కూర్చుని వెతికింది. పేర్లు చకచకా వచ్చాయి, పాతదానికంటే ఎంత వేగం, చూసి ఆమెకు గర్వంగా అనిపించింది. పిల్ల ఫోన్లు చేయడం మొదలెట్టింది. ఒకరు ఊళ్లో లేరు. ఒకామెకు ఇప్పుడు ఏడో నెల. ఒకాయన ఒప్పుకున్నాడు, బయల్దేరుతున్నానన్నాడు. ఇంకొకరు కావాలి. తర్వాతి ఫోన్ ఎత్తడం లేదు. ఆ గొంతూ ఆ మోతా వింటూ ఆమె మనసు ఎటో పోతోంది, ఈ గ్రూపు రక్తంవాళ్లు ఎప్పుడూ తక్కువే, అప్పుడూ అంతే, ఈ బల్ల ముందే, మొదటిసారి ప్రోగ్రామ్ పెట్టిన రోజు, వరసలో మొదట కూర్చున్నాయన తాళాలు బాగుచేసేవాడు, వేళ్లకి నల్లటి నూనె, వాడిన గుడ్డతో తుడుచుకుంటూ, ఓ నెగటివ్ అంటే బంగారమటగా అని అందరికీ చెప్తూ. పుట్టినతేదీ ఏదంటే తెలీదన్నాడు. తేదీ లేకపోతే తెర ముందుకి కదల్లేదు, ఆమె రాసిన తెరే. ఎంతసేపు నొక్కినా కదల్లేదు. వెనక వరస గొణుగుతోంది. ఆయన మాత్రం చాలా మర్యాదగా, పోనీ మీకు నచ్చింది వేసుకోండమ్మా, నాకేం అభ్యంతరం లేదు అన్నాడు.

నచ్చింది వేసుకోవడం. అత్తగారికి అలాగే వేశారు ఒకసారి. కాలు విరిగి ఆసుపత్రిలో చేర్చినప్పుడు కౌంటరులో ఉన్నతను తలెత్తకుండా జనవరి ఒకటి అని కొట్టుకున్నాడు. ఆ కాగితం మీంచి బ్యాంకుకి, బ్యాంకు నుంచి ఫోన్‌కంపెనీకి పాకింది. ఏటా జనవరి ఒకటిన ఆవిడ ఫోన్‌కి ఎక్కడెక్కడి కంప్యూటర్లో శుభాకాంక్షలు పంపేవి. ఎవరిదే ఈ పుట్టినరోజు, పాపం వాళ్లకి అందలేదేమో అని బెంగపడేది ఆవిడ. కోడళ్లిద్దరూ నవ్వలేక చచ్చేవాళ్లు. తర్వాత తర్వాత నవ్వు రాలేదు. తన వయసు తనది కానట్టు, ఇంకెవరిదో కాగితంలో తను అద్దెకున్నట్టు ఉండేది ఆవిడ మొహం. తాళాలాయన అలా అన్న రోజు ఆమెకు గుర్తొచ్చింది అదే. అక్కడే కూర్చుని మార్చేసింది, తేదీ తెలియకపోతే వదిలెయ్యొచ్చు, మనిషి చెప్పిన వయసు రాసుకుంటే చాలు. ఇంత చిన్న గది. అతికించిన గది.

ఆయన్ని ఇంకా పిలవలేదేం ఈ పిల్ల?

"అమ్మాయ్, తాళాలాయన ఉంటాడు చూడు, అదే గ్రూపు. బస్టాండు వెనక కొట్టు."

"అలాంటివాళ్లెవరూ రాలేదే మేడం. మొత్తం ఇంతే."

ఆమె తనే కూర్చుని వెతికింది, పేరుతో, వీధితో, కొట్టుతో. లేడు. పాత కంప్యూటర్ దగ్గరికి వెళ్లి తెరిచింది, తొందరలో తప్పు మీటలు పడ్డాయి. ఉన్నాడు. బూడిదరంగు తెర మీద, తన మామూలు చోట, పుట్టినతేదీ ఖాళీగా, దాని పక్కన చెప్పిన వయసు. నంబరు చదివి చెప్తే పిల్ల చేసింది. వస్తున్నానమ్మా, కొట్టుకి తాళం వేసి వస్తున్నా అన్న మాట ఇవతలికి కూడా వినిపించింది. పిల్ల హమ్మయ్య అని తన పనిలో పడింది. ఎందుకు లేడని అడగలేదు. ఎవరూ అడగలేదు. ఆకుపచ్చ టిక్కు అలాగే ఉంది, మహా అమాయకంగా.

ఆమె ఫోన్ పట్టుకుని నడవలోకి వెళ్లి ఆఫీసులో ఉన్న పిచ్చుకకి చేసింది. నడవలో బల్ల, బల్ల మీద దూది చుట్టలు. పిచ్చుక రెండు నిమిషాలు చూసి, గొంతు తగ్గించి చెప్పింది.

"మేడం, తేదీ ఖాళీగా ఉన్నవాటిని కొత్తది తీసుకోలేదు. పక్కన పడేసింది. చాలానే ఉన్నాయి."

"మరి పూర్తయిందని ఎందుకంది?"

"తీసుకోగలిగినవన్నీ తీసుకుంది కదా, అందుకని... నా తప్పే మేడం. తేదీ లేకుండా ఎవరైనా ఉంటారని నాకు తట్టలేదు."

తట్టలేదు. ఎలా తడుతుంది, పుట్టగానే చేతికి పట్టీ కట్టి గడియారం చూసి రాసుకున్న పిల్లలు వీళ్లు. తనకి తట్టిందా ఆ రోజు, తాళాలాయన ఎదురుగా కూర్చునేదాకా. తను మార్చింది, ఎందుకు మార్చిందో ఎక్కడా రాసి పెట్టలేదు, ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన పనే రాలేదు. ఇన్నేళ్లూ అన్నీ తన బుర్రలోనే ఉన్నాయి, బుర్రలో ఉన్నవాటిని ఏ తీగా పైకి మోసుకెళ్లదు.

"ఇప్పటికి అందరికీ జనవరి ఒకటి వేసేస్తే అన్నీ లోపలికి వచ్చేస్తాయి మేడం. తర్వాత సరిచేసుకోవచ్చు. నిమిషం పని."

ఆ లైన్లోకే తోటికోడలు వచ్చింది, ఎప్పట్నుంచి వింటోందో. "అక్కా, ఒక్క మాట విను. డాక్టరమ్మకి ఇప్పుడే ఏం చెప్పకు. ఆవిడ అసలే అనుమానాల మనిషి. ఒక్క గంట ఆగు, సర్ది చెప్తే మనకీ గౌరవంగా ఉంటుంది, ఆవిడకీ కంగారుండదు." మోసం చేద్దామని కాదు, ఆ మనిషికి మోసం తెలీదు, కూలిపోబోయే గోడకి భుజం ఆనించడం తెలుసు, ఇన్నేళ్లూ ఆ భుజం మీదే నిలబడింది కంపెనీ. ఆమె గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. గంటలో ఏమవుతుంది. ఏమీ కాకపోవచ్చు. ఇంకో ఫోన్ రావొచ్చు, ఆసుపత్రి నుంచి, ఇంకో గ్రూపు, పక్కన పడ్డవాళ్లలో ఒకరి పేరు కావలసి రావొచ్చు, ఆ పేరు తెర మీద రాదు, రాలేదని ఎవరికీ తెలీదు, ఎందుకంటే లేనిది కనపడదు. ఉన్నది తప్పుగా ఉంటే ఎవరో ఒకరు పట్టుకుంటారు. లేనిదాన్ని ఎవరు పట్టుకుంటారు. జనవరి ఒకటి వేస్తే? వయసు దాటిపోయిందని యంత్రం ఒకణ్ణి గేటు బయట ఆపేస్తుంది, ఇంకా వయసు రానివాణ్ణి లోపలికి పిలుస్తుంది. వాళ్లందరికీ ఏటా ఎవరిదో పుట్టినరోజు.

"ఇది సర్ది చెప్పేది కాదే," అంది తోటికోడలితో. "నేను చెప్పేస్తున్నాను."

"సరే అక్కా," అని, ఊపిరి వదిలి, "తిడితే ఫోన్ నాకివ్వు, ఆ తిట్లు నేను తింటాను" అంది.

డాక్టరమ్మ తన గదిలో సంతకాలు పెడుతోంది. ఆమె నిలబడే చెప్పింది, డొంకతిరుగుడు లేకుండా, మెత్తబరచకుండా. కొంతమంది కొత్తదానిలోకి రాలేదు, ఎవరూ పోలేదు, పాతదాంట్లో ఉన్నారు, కానీ కొత్తది మాత్రం వాళ్లు లేకుండానే పూర్తయిందని చెప్పింది. డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"మీరు చూసుకోకపోతే?"

"తెలిసేది కాదండీ."

"ఇదేనా మీరు ఇన్నాళ్లూ చెప్పిన కొత్తది? నాకు బాలింత ప్రాణం మీదుంది, మీకు ప్రయోగాలా? పాతదే ఉంచేయండి. దణ్ణం పెడతాను."

ఆమె తలవంచుకుంది. ఇలాంటప్పుడు చెప్పడానికి తోటికోడలి దగ్గర వంద మాటలుంటాయి. తనకి తెలిసింది పని ఒక్కటే, ఆ పనే చెప్పింది. పాతదాన్ని ముట్టుకోవడం లేదండీ, అది సాయంత్రం దాకా కాదు, మీరు చాలనేదాకా ఇక్కడే నడుస్తుంది. రెండూ పక్కపక్కనే పెట్టి, అందులో ఉన్న ప్రతి మనిషీ ఇందులోకి వచ్చాడో లేదో మీ ముందే సరిచూసి చూపిస్తాను. అప్పుడూ వద్దంటే తీసేస్తాను, మారు మాట్లాడను. డాక్టరమ్మ కళ్లెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఇంకా ఉంది. "చెప్పకుండా ఊరుకుని ఉంటే మాత్రం గుమ్మం తొక్కనిచ్చేదాన్ని కాదు," అని మళ్లీ కలం తీసుకుంది. అది సరేననడమో కాదో తెలియలేదు. వద్దనలేదు, అంతవరకు నిజం.

వెనకగదిలోకి వచ్చి పిచ్చుకకి ఫోన్ చేసి, తెలియదు అన్నది కూడా ఒక జవాబేనమ్మా, దానికీ చోటు పెట్టాలి అంది. తాళాలాయన సంగతి చెప్పింది, అత్తగారి సంగతి కూడా ఎందుకో చెప్పింది. పిచ్చుక మధ్యలో టకటకలాడలేదు. అంతా విని, అయితే చెప్పిన వయసుతోపాటు ఏ రోజు చెప్పారో కూడా ఉంచుదాం మేడం, లేకపోతే ఆ వయసు అక్కడే ఆగిపోతుంది కదా అంది. ఇన్నేళ్లలో తనకది తోచలేదు. పాతదాంట్లో వాళ్లంతా చెప్పిన వయసు దగ్గరే ఆగిపోయి ఉన్నారు, ఏళ్లు గడిచినా ఒక్క ఏడూ పెరగకుండా. మంచి ఆలోచనమ్మా, వెంటనే మార్చెయ్యి అంది, మార్చను మేడం, ముందు నకలు మీద వేసి చూస్తాను, ఇక్కడ మారిస్తే అందరికీ మారుతుంది అంది పిచ్చుక. అందరికీ. ఇన్నాళ్లూ ఆమెను నిద్రపోనివ్వనిది ఆ మాటే, ఒక్క తప్పు చేస్తే అన్ని ఊళ్లలోనూ ఒకేసారి తప్పయిపోతుందని. ఇప్పుడు అదే మాట ఇంకోలా వినపడింది. ఇంకా రాబోయే ఊళ్లన్నిటిలోనూ తేదీ తెలియనివాళ్లుంటారు, తాళాలు బాగుచేసేవాళ్లూ, బట్టలుతికేవాళ్లూ, చిన్నప్పుడే ఇల్లు వదిలి వచ్చినవాళ్లూ, చక్రం బస్సులు మారి మారి వెళ్లనక్కరలేకుండానే వాళ్లందరికీ ఒక్కసారిగా తలుపు తెరుచుకుంటుంది. చక్రం. ఏ ఊళ్లో ఏ మనిషి ఏం అడిగాడో, తను ఏం అతికించిందో, తను మరిచిపోయినవి కూడా అతనికి గుర్తుంటాయి, అతను చూశాడు కాబట్టి. ఇక మీదట ఏ ఊరిదైనా పైకి పంపే ముందు అతను వెళ్లి ఆ బల్ల ముందు కూర్చుని, ఇక్కడ మామూలుగా ఇమడనిది ఏముందో కనుక్కుని రావాలి. ఇంత తేలికైన జవాబు వారం రోజులు ఎక్కడ దాక్కుందో. వెంటనే చక్రానికి ఫోన్ చేసింది. అతను ఎక్కడో బస్సులో ఉన్నాడు, సగం వినపడలేదు, ఏంటి మేడం, ఏంటి అని అరుస్తున్నాడు. "తిరగాలి, ఇంకా తిరగాలి" అని ఆమే అరిచింది. ఫ్రిజ్‌ల గదిలోంచి ఎవరో తొంగిచూశారు.

పిచ్చుక నకలు మీద చూసింది, ఇంకోసారి చూసింది, ఆమె గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది, తనైతే ఈపాటికి మూడుసార్లు మార్చి నాలుగు చోట్ల పాడుచేసేది. చివరికి ఇప్పుడు చూడండి మేడం అని కబురొచ్చింది. పక్కన పడ్డవాళ్లంతా వరసగా లోపలికి వస్తున్నారు. రెండు తెరలూ పక్కపక్కన పెట్టి సరిచూస్తుంటే డాక్టరమ్మ ఎప్పుడొచ్చిందో వెనక నిలబడి చూసింది, కాసేపటికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

ముందుగదిలో తాళాలాయన పడుకుని ఉన్నాడు, జుట్టు నెరిసింది, వేళ్లకి అదే నూనె. టెక్నీషియన్ పిల్ల కొత్త తెర ముందు కూర్చుని వయసెంత రాయమంటారు తాతా అంటే, పోయినసారి ఎంత రాశారు, దానికి ఒకటి కలుపుకో, మొహమాటపడకు అంటున్నాడు. తెర ఒప్పుకుని ముందుకి కదిలింది. గొట్టంలోంచి రక్తం నల్లగా సంచిలోకి దిగుతోంది, ఆయన పిడికిలి మూసి తెరుస్తున్నాడు. గుమ్మంలో నిలబడ్డ ఆమెను చూసి పలకరింపుగా నవ్వాడు, గుర్తుపట్టలేదు.

"మీరూ ఇవ్వడానికొచ్చారా అమ్మా?"

"లేదండీ. ఇక్కడి కంప్యూటర్ పని మాది."

"పాడైందా?"

"పాడవలేదండీ. ఉన్నచోటు నుంచి వేరేచోటికి మారుస్తున్నాం."

"ఇల్లు మారడమన్నమాట," అన్నాడాయన, ఆ కష్టం తనకు తెలుసన్నట్టు తలాడిస్తూ. "సామానంతా చేరిందా? ఎంత జాగ్రత్తగా సర్దినా ఏదో ఒకటి మర్చిపోతాం."

"మిమ్మల్నే మర్చిపోబోయామండీ," అంది ఆమె.

అదేదో పెద్ద హాస్యమన్నట్టు ఆయన పగలబడి నవ్వాడు, మంచం ఊగింది, గొట్టం ఊగింది, కదలకండి తాతా, సూది కదిలిపోతుంది అని పిల్ల భుజం పట్టుకుని కోప్పడింది.